కొనేవాడు మనవాడైతే?

ఏజెన్సీ అంచు పట్నాల్లో భూముల దళారులు చేతికిచ్చే కాగితాలు, ఫోన్లలో తిరిగే ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. అన్నిటి మాటతీరూ దాదాపు ఒకటే. ఒకే ఖండంగా ఇన్ని ఎకరాల సాగుభూమి అమ్మకానికి కలదు. నేల ఎరుపో నలుపో చెబుతారు. బోర్లు ఎన్నో, మోటార్లు ఎన్నో, డ్రిప్పు పైపులు ఎంతమేర పరిచారో చెబుతారు. తారురోడ్డు ఆనుకొని ఉంది, పొగాకు బ్యారన్లు ఉన్నాయి, గుమాస్తా ఉండటానికి ఇల్లుంది అంటారు. చివర్లో, ఆ సౌకర్యాల వరసలోనే, ఇంకో ముక్క ఉంటుంది: కూలీలు దగ్గర్లోనే దొరుకుతారు.

ప్రకటన మొత్తంలో నిజం చెప్పే ముక్క అదొక్కటేనని నాకనిపిస్తుంది. దగ్గర్లోనే ఎందుకు దొరుకుతారు? ఆ నేలకు దగ్గర్లోనే పుట్టారు కాబట్టి. వాళ్ల తాతలు అక్కడి తుప్పలు కొట్టి, మొద్దులు పెరికి, జొన్న చల్లారు కాబట్టి. తాత దున్నిన చేలో మనవడు పాలేరుగా ఉన్నాడు. అమ్మకపు కాగితంలో అతను బోరుబావి పక్కన ఇంకో సౌకర్యంగా కనిపిస్తాడు.

భూమి చేతులు ఎలా మారిందో మనవాళ్లకు కొత్తగా చెప్పాల్సింది లేదు. ఉప్పుకూ బట్టకూ పెళ్లి ఖర్చుకూ అప్పు. అప్పు తీరేదాకా దున్నుకుంటానన్న మాట. తెల్లకాగితం మీద వేలిముద్ర. కొన్నేళ్లకు పహాణీలోనో అడంగల్లోనో కొత్త పేరు. కొన్నిచోట్ల మన ఆడపిల్లను చేసుకుని ఆమె పేరున భూమి పెట్టడం కూడా జరిగింది. జీలుగుమిల్లి, బుట్టాయగూడెం వైపు పొగాకు చేలు, అశ్వారావుపేట, దమ్మపేట వైపు పామాయిల్ తోటలు, ఆదిలాబాద్ నల్లరేగళ్లలో పత్తి చేలు చూసినప్పుడు, చాలా కమతాల వెనక ఇలాంటి కథ ఉంటుంది. అన్నిటి వెనకా ఉందని అనను. పాత రోజుల్లోనే న్యాయంగా కొనుక్కున్నవాళ్లూ కొందరుంటారు.

ఆ కథ చాలామంది రాశారు. నన్ను తొలిచే ప్రశ్న వేరు. అలాంటి పెద్ద కమతాన్ని ఇవాళ అమ్మకానికి పెడితే, అమ్మే హక్కు ఎవరిది? కొనేవాడు మనవాడే అయితే, అంతటితో లెక్క సరిపోయినట్టేనా?

చట్టం మాట ముందు చూద్దాం. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతుల భూమి బయటివాళ్లకు పోకూడదని 1917లోనే మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. ఆంధ్ర ప్రాంతానికి 1959లో వచ్చిన నిబంధనను 1963లో తెలంగాణకూ వర్తింపజేశారు. శ్రీకాకుళం కొండల్లో పోరాటం నడుస్తున్న కాలంలో, 1970 ఫిబ్రవరి 3 నుంచి, దానికి గట్టి సవరణ అమల్లోకి వచ్చింది. మనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునేది దాన్నే. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. ఆదివాసీ ఒక్కడే కాదు, గిరిజనేతరుడు కూడా తన భూమిని ఇంకో గిరిజనేతరుడికి రాస్తే చెల్లదు. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. 1997లో సమత తీర్పులో ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వం కూడా ఈ నిబంధన కింద ఒక వ్యక్తి లాంటిదే, అది కూడా గనుల కోసం గిరిజనేతరులకు లీజు ఇవ్వకూడదంది.

ఎకరాల సంఖ్య గురించి కూడా ఒక మాట. 1973 భూసంస్కరణల చట్టం ప్రకారం అయిదుగురి కుటుంబానికి గరిష్ఠ పరిమితి మాగాణి అయితే నేల రకాన్ని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు. ఒకే ఖండంగా వందకు పైగా ఎకరాలు అమ్ముతానన్నవాడిని అవి ఎన్ని పేర్ల మీద ఉన్నాయని అడిగితే సగం సంగతి అక్కడే తేలిపోతుంది. బామ్మర్ది, పనివాడు, ఎప్పుడో పోయిన పెద్దమ్మ అందరూ పట్టాదారులే.

ఇప్పుడు అమ్మేవాడి సంగతి. అతన్ని దొంగ అనడం తేలిక. కానీ ఇవాళ అమ్మేది చాలావరకు మూడో తరం. అతను ఆ ఊళ్లోనే పుట్టాడు, మన పిల్లలతో బడికి పోయాడు, తండ్రి ఇచ్చింది తీసుకున్నాడు. నేనెవరినీ మోసం చేయలేదంటాడు. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు.

మన అంగడిలో దీనికి ఒక పద్ధతి ఉంది. దొంగిలించిన ఎద్దును ఎవడో అంగడిలో అమ్మాడు. కొన్నవాడు మంచివాడే, డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. అసలు ఆసామి వచ్చి మచ్చలు చూపించి ఎద్దు నాదంటే, పెద్దమనుషులు ఎద్దును ఆసామికి ఇప్పిస్తారు. కొన్నవాడు అమ్మినవాడి వెంట పడాలి. అతని మంచితనాన్ని ఎవరూ కాదనరు, కానీ ఆ మంచితనం ఎద్దుకు కొత్త ఆసామిని పుట్టించదు. భూమికీ అదే వర్తించాలి. అయితే ఎద్దుకు లేని చిక్కు ఒకటి భూమికి ఉంది. ఈ మూడు తరాల్లో వాళ్లు బోర్లు వేశారు, గట్లు పోశారు, చెట్లు పెంచారు. ఆ కష్టానికి విలువ లేదనడం నాకు చేతకాదు. కష్టం లెక్కలోకి రావాలన్న వాదన మనది కూడా కదా. పోడు కొట్టిన కష్టం చూపించే కదా మనం అటవీ హక్కులు అడిగాం. అందుకే అంటున్నాను, బోరుకు ధర అడగనీ, చెట్లకు అడగనీ. ఆ లెక్కలోనే ఇన్నేళ్లు తిన్న పంటా, ఇన్నేళ్లు తక్కువ కూలికి చేయించుకున్న పనీ రెండో వైపు రాయనీ. నేలకు మాత్రం అతను ధర కట్టలేడు.

మన కుర్రాళ్లు కొందరు ఇంకో ప్రశ్న అడుగుతారు. మైదానంలో ఎకరం ఎంతకు పోతుందో తెలుసు. అదే రకం నేల, ఏజెన్సీ గీతకు ఇవతల ఉందని, సగానికి కూడా అడిగేవాడు లేడు. ఇంట్లో మనిషి ఆసుపత్రిలో ఉంటే పట్టా చూసి అప్పిచ్చేవాడూ లేడు. అందరికీ ఉన్న అమ్ముకునే స్వేచ్ఛ నాకెందుకు లేదు, నేనేం చిన్నపిల్లవాణ్నా అని నిలదీస్తారు. ఆ కోపంలో న్యాయం ఉంది. నీ మేలు కోసమే అంటూ పక్కవాడు నీ చేయి పట్టుకుంటే ఎవరికైనా రోషం వస్తుంది.

కానీ ఆ స్వేచ్ఛను ఇచ్చి చూసిన దేశం ఒకటుంది. అమెరికాలో 1887లో డాస్ చట్టం తెచ్చి, అక్కడి ఆదిమ జాతుల ఉమ్మడి నేలను ముక్కలు చేసి కుటుంబాలకు పంచారు. మిగులు అన్నదాన్ని బయటివాళ్లకు తెరిచారు. పంచిన ముక్కలను ఇరవై అయిదేళ్లు అమ్మకూడదన్నారు. 1906లో ఆ గడువును కూడా సడలించి, సమర్థుడని అధికారి నమ్మినవాడికి ముందే పూర్తి పట్టా ఇవ్వచ్చన్నారు. పూర్తి పట్టాతో పాటే పన్ను వచ్చింది, పన్ను వెనక అప్పు వచ్చింది. 1887లో ఆ జాతుల చేతిలో 13.8 కోట్ల ఎకరాలుంటే, 1934 నాటికి 4.8 కోట్లు మిగిలాయి. చిన్నపిల్లవాడివి కావని చెప్పి ఇచ్చిన కాగితమే వాళ్లను గడప దాటించింది.

కాబట్టి కుర్రాడికి నా జవాబు ఇది. తక్కువ ధర నీ సమస్య అయితే దానికి మందు చట్టంలోనే రాసి ఉంది. కొనడానికి ఆదివాసీ ఎవరూ ముందుకు రాకపోయినా, అడిగిన ధరకు ఒప్పుకోకపోయినా, ప్రభుత్వమే పరిహారమిచ్చి ఆ భూమి తీసుకోవాలని దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ దారిన పోయినవాళ్లను మా చుట్టుపక్కల నేను చూడలేదు. ఆ దారి ఉందని చెప్పినవాళ్లనూ చూడలేదు. అప్పు కోసం అమ్మాల్సి వస్తే, అడగాల్సింది అప్పు. అదీగాక నువ్వు అమ్ముతానంటున్నది నువ్వు కొన్నది కాదు. భూమి పండుగనాడు విత్తనం మొక్కి చల్లేటప్పుడు పేరు పేరునా పెద్దలను తలుస్తాం కదా. ధర మాట్లాడేటప్పుడు మాత్రం వాళ్లెవరూ గుర్తు రారు, పుట్టబోయేవాళ్లూ గుర్తు రారు.

ఇక అసలు ముడి. కమతం అమ్మకానికి వచ్చింది, చట్టం ప్రకారం ఆదివాసీయే కొనాలి. మనలో ఇవాళ డబ్బున్నవాళ్లు లేకపోలేదు. టీచర్లు, ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు, రాజకీయాల్లో ఎదిగినవాళ్లు ఉన్నారు. అలాంటి ఒకాయన వచ్చి మొత్తం కొన్నాడనుకుందాం. బినామీ కాదు, నిజంగా తన జీతం డబ్బే అనుకుందాం. (తన పేరు కింద పట్నం సేటు డబ్బు పెట్టేవాళ్లు ఉన్నారు. వాళ్ల గురించి ఒక్క వాక్యం చాలు: మన కులం సర్టిఫికెట్‌ను కిరాయికి ఇవ్వడం మన చేలను కిరాయికి ఇవ్వడం కంటే నీచం.) నిజమైన కొనుగోలే. చట్టానికి అభ్యంతరం లేదు. మనలోనే చాలామంది చప్పట్లు కొడతారు, భూమి తిరిగి మన చేతికి వచ్చిందంటారు.

ఎవరి చేతికి? మర్నాడు పొద్దున పారా పట్టుకుని అదే చేలోకి దిగేది అదే మనవడు. దొర మారాడు, కూలి మారలేదు. ఆ టీచరును నేను తప్పుపట్టను. కష్టపడి చదివినవాడు నాలుగు ఎకరాలు కొనుక్కోవడం ఎవరికీ నేరం కాదు. నేనంటున్నది వంద ఎకరాల కమతం గురించి. అక్కడ మన జాతి పేరు ఒక తాళంచెవిలా పనిచేస్తుంది. ఆ తాళంచెవిని చట్టం ఇచ్చింది ఒక ఇంటికి కాదు. ఎవరి పేదరికం చూపించి, ఎవరి వేలిముద్రల కథ చెప్పి ఈ నిబంధన సాధించుకున్నామో, వాళ్ల పిల్లలు గట్టు మీద నిలబడి చూస్తుండగా ఇంకొకరు దాంతో తలుపు తీసుకుని లోపలికి పోతే, ఆ రక్షణను మనమే సొంత ఆస్తి చేసుకున్నట్టు.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. ఆదివాసీ అంటే ఎప్పుడూ పేదవాడుగానే ఉండాలా, మనలో ఒక పెద్ద రైతు ఉండకూడదా? ఉండవచ్చు. కానీ ఆ వాదన చేసేవాళ్లు ఒక సంగతి దాటేస్తారు. మైదానంలో పెద్ద రైతుతో అతని బంధుబలగమంతా పోటీ పడగలదు. ఏజెన్సీలో కొనేవాళ్లు తక్కువ కాబట్టే ధర తక్కువ. ఆ తక్కువ ధర ఊరంతటి త్యాగం వల్ల వచ్చింది. ఊళ్లో ప్రతి ఒక్కరూ బయటివాడికి అమ్ముకునే లాభం వదులుకున్నారు. ఆ వదులుకున్న లాభాన్ని మూటగట్టి ఒకరే ఎత్తుకుపోవడానికి వీల్లేదని నేనంటాను.

అదే నిబంధనలో ఇంకో మాట ఉంది, మనం సరిగా చదవలేదు. భూమిని గిరిజన వ్యక్తికే కాదు, కేవలం గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి కూడా రాయవచ్చు. గూడెం మొత్తం ఒక సంఘంగా కొనవచ్చన్నమాట. ఇది గాలిలో మేడ అనేవాళ్లకు మళ్లీ అమెరికా సంగతే చెబుతాను. అయోవా రాష్ట్రం మొక్కజొన్నకు పేరుమోసిన నల్లనేల. అక్కడి మెస్క్వాకీ జాతి 1842 ఒప్పందంతో నేలంతా పోగొట్టుకుంది, వాళ్లను కాన్సస్‌కు తరిమారు. కొందరు దాక్కుని ఉండిపోయారు, కొందరు తిరిగొచ్చారు. 1857లో గుర్రాలు కూడా అమ్ముకుని డబ్బు పోగుచేసి, టామా కౌంటీలో 80 ఎకరాలు కొన్నారు. తమ నేలనే డబ్బు పెట్టి కొన్నారు. కాగితం గవర్నరు పేరున ఉంచాల్సి వచ్చింది, భూమి మాత్రం జాతి మొత్తానిది. ఆ 80 ఎకరాలు ఇవాళ 8 వేలు దాటాయి.

తమదాన్నే తాము కొనడం అవమానమా అన్నది వాళ్లను కూడా తొలిచే ఉంటుంది. మన దగ్గర ఆ ప్రశ్నకు రెండు జవాబులు వేరువేరుగా ఉండాలని నాకు తోస్తుంది. 1970 తర్వాత చేతులు మారిన నేల అయితే పైసా ఇవ్వకూడదు. అక్కడ అమ్మేవాడి దగ్గర అమ్మడానికి ఏమీ లేదు. డబ్బు ఇస్తే చెల్లని కాగితాన్ని మనమే కడిగి తెల్లగా చేసినట్టు. అక్కడ వేయాల్సింది ఎల్‌టీఆర్ కేసు, పట్టాల్సింది అడంగల్ పాత నకళ్లు. రుజువున్న పాత పట్టా అయితే, చట్టానికి లోబడి అమ్ముతానంటే, మొదటి పిలుపు ఆ గూడేనికి రావాలి. 1996 పెసా చట్టం భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపే అధికారం గ్రామసభకు ఇచ్చింది. కమతం బేరం మాట చెవిన పడ్డ రోజే గ్రామసభ కూర్చోవాలి. సర్వే నంబర్లు చదివించాలి. ఒక్కో నంబరుకు ఆ ముసలివాళ్లను అడగాలి, ఇది ఎవరి చేను అని. వాళ్లు సర్వే నంబరు చెప్పరు. ఇప్పచెట్టు దగ్గరది ఫలానావాళ్లది, వాగు మలుపులోది ఫలానావాళ్లది అంటారు. ఆ మాట తీర్మానం పుస్తకంలో రాయించాలి, ఆ చెట్టు ఇప్పుడు లేకపోయినా సరే.