వుజూ నీళ్ళు, గల్లీ నీళ్ళు

సోదరులారా! వుజూ నీళ్ళ గురించి మస్అలా అడిగేవారు చాలామంది. పొరుగింటి కుళాయిలో మోరీ వాసన వస్తోందా అని అడిగేవారేరీ? ఎవని కీడు నుండి పొరుగువాడు సురక్షితంగా ఉండడో అతను విశ్వాసి కాడని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు (బుఖారీ).

హైదరాబాద్ పాతబస్తీలో చాలా గల్లీలకు నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. అందుకే ఇంటింటా డ్రమ్ములు. మూతలేని డ్రమ్ములో డెంగీ దోమ గుడ్డు వారం పది రోజుల్లో దోమవుతుంది. అది కుట్టేది మన బిడ్డనే కాదు, పక్కింటి బిడ్డను కూడా! ‘నా ఇల్లు, నా డ్రమ్ము’ అనటం ఇక్కడ చెల్లదు.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫా అయ్యుండి రాత్రులు మదీనా వీధుల్లో తిరిగి ప్రజల స్థితి తెలుసుకునేవారు. ఈ జుమా నమాజు తర్వాత మనమూ మన గల్లీ తిరుగుదాం. ఎవరింట్లో జ్వరం, ఏ పైపు మోరీలోంచి పోతోంది, ఎవరికి మరుగుదొడ్డి లేదు — రాసుకుని అధికారులకిద్దాం. మూతలు మాత్రం ఆ రోజే పెట్టేద్దాం.