ఆతిథ్యమునందలి వినయము

అతిథికి అన్నమిడువాడు దాతయా, ఋణస్థుడా? దాతయే యని లోకము తలంచును. కాని ఇటాలియన్ భాషలో 'ఓస్పితె' యను నొకే పదము అతిథికిని, అతిథిని ఆదరించు గృహస్థునకును గూడ వర్తించుచున్నది. ఇందలి భావము, ఆ దేశమును వీడిపోయిన బీదకుటుంబముల ఆచారమొకదానియందు స్పష్టముగ గోచరించును.

1880 మొదలు 1924 వఱకు సుమారు 40 లక్షలమంది ఇటాలియనులు అమెరికాకు వలసపోయిరి. వారిలో సిసిలీ ద్వీపవాసులనేకులు పలెర్మో రేవున ఓడలెక్కి న్యూ ఆర్లియన్స్ నగరము చేరి, లూసియానా చెఱకుతోటలలో కూలిపని చేసిరి. వారికచట లభించిన ఆదరమెట్టిది? 1891 మార్చి 14వ తేదీన ఒక మూక చెఱసాలలో చొరబడి 11 మంది ఇటాలియనులను చంపివైచెను. పోలీసు అధిపతి హత్యానేరము వారిపై మోపబడియుండెను. కాని వారిలో ఎవనిని ఆ హత్యకు దోషియని న్యాయస్థానము నిర్ణయించి యుండలేదు. నగరాధ్యక్షురాలు ఇందులకు క్షమాపణ చెప్పుట 2019లో గాని జరుగలేదు.

ఈ సిసిలీ కుటుంబములు మార్చి 19వ తేదీన, క్రీస్తును పెంచిన యోసేపు పండుగనాడు, మెట్లుమెట్లుగా వేదిక నమర్చి రొట్టెలు, చేపలు, పిండివంటలతో నింపి వచ్చినవారికెల్ల భోజనమిడుదురు. పూర్వము సిసిలీలో క్షామము సంభవింపగా యోసేపు కరుణచే వాన కురిసినదనియు, ఫావా యను చిక్కుడుగింజలు ప్రజల ప్రాణములు నిలిపినవనియు ఐతిహ్యము. కావున అతిథికొక ఎండుగింజ నిచ్చి పంపుదురు. యోసేపు వడ్రంగి, వంటకములపై చల్లు వేపిన రొట్టెపొడి ఆయన రంపపుపొట్టునకు గుర్తు.

ఇందు రెండు విశేషములు గమనింపదగినవి. మొదటిది: తన యింట సమృద్ధి యున్నను, గృహస్థుడు ఇరుగుపొరుగుల వాకిట నిలిచి సంభారములు యాచింపవలెనని సంప్రదాయము. యాచించి తెచ్చినదానిని 'నేను పెట్టితి'నని చెప్పుకొనుటకు వీలులేదు. రెండవది: యోసేపు, మరియ, బాలక్రీస్తు వేషములు ధరించిన పిల్లలు మూడు తలుపులు తట్టుదురు. రెండుచోట్ల 'చోటులేదు' అను ప్రత్యుత్తరమే లభించును. మూడవ తలుపు తెఱువబడును.

తిరస్కారము ననుభవించినవాడు దయాళువు కాగలడు, కఠినుడును కాగలడు. దుఃఖము తనంతట ఎవనికిని మెత్తని హృదయము నీయదు. నాటి కూలివాని మనుమడు నేడు గృహయజమాని. తాతగారి యాకలి ఆతనికి వినికిడి మాత్రమే. మూయబడిన తలుపుయొక్క స్మృతి పగగా మిగులక, తెఱువవలసిన తలుపును జ్ఞప్తికి దెచ్చునట్లు చేయుటయే ఈ ఆచారముయొక్క ప్రయోజనము.

మనలో ప్రతివాడును ఏదో యొకనాడు పరుల వాకిట నిలిచినవాడే. ఆ నాటిని మఱవనివాడు పెట్టు అన్నమునందు గర్వమునకు తావుండదు.