హింసను చదువుట, తన్ను తాను చదువుకొనుట



పాతనగరములో ఆదివారపు పూట మన పిల్లలను కూర్చుండబెట్టి బసవపురాణ కథలు చెప్పుట నాకు చాలకాలముగా అలవాటు. ఇటీవల ఒక ఆదివారము జగదేవుని కథ చెప్పితిని. బిజ్జలుడు భక్తుల కన్నులు పెరికించుట, జగదేవుడు సహచరులతో కూడి రాజును వధించుట అను ఘట్టము అది. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దిలో ద్విపదలో రచించిన ఆ కథను నేను మిక్కిలి ఉత్సాహముతో వర్ణించితిని. పిల్లలు కన్నార్పక వినిరి. కథ ముగియగానే పదేండ్ల బాలుడొకడు లేచి, "సార్, మరి ఇప్పుడు మనకు బిజ్జలుడెవరు సార్?" అని అడిగినాడు.

నాకు వెంటనే మాట రాలేదు. బాలునియందు తప్పేమియు లేదు. ముప్పది యేండ్లుగా నేను ఆ కథను కేవలము శౌర్యకథగా చెప్పుచున్నాను. శత్రువును వధించుటయే భక్తికి పరమావధి యని వినిన బాలుడు, తన శత్రువు ఎవడని అడుగకుండునా? వచ్చే ఆదివారము బదులు చెప్పెదనని వానిని కూర్చుండుమంటిని. ఆ వారమంతయు నన్ను వేధించిన ఆలోచనలనే నేడు మీ ముందుంచుచున్నాను.

మొదట నాకు 1990వ సంవత్సరము జ్ఞాపకము వచ్చినది. అయోధ్యా వివాదము దేశమంతట రగులుచున్న కాలమది. ఆ డిసెంబరులో మన నగరమున చెలరేగిన అల్లర్లలో నూరుమందికి పైగా మరణించిరి. నేనప్పుడు ఇరువది యేండ్లవాడను. కర్ఫ్యూ సడలించిన రెండు గంటలలో, ఎన్నో యేండ్లుగా మా యింటికి పాలు పోయుచున్న ముస్లిం వృద్ధుడు క్యాను మోసికొని వచ్చెను. పాలలో విషము కలుపుచున్నారని అంతకు ముందురోజే గల్లీలో వదంతి పుట్టినది. మా యింటివారు పాలు పోయించుకొని, తలుపు వేసికొని, మోరీలో పారబోయుమనిరి. పారబోసినవాడను నేనే. చిన్న చెల్లెలు ఆకలికి ఏడ్చుచుండెను. ఆ మోరీ వీధిలోనికి పారును. తెల్లని ధారను ఆ వృద్ధుడు చూచినాడు. మరునాడు వచ్చినప్పుడు ఆయన ఏమియు అనలేదు. మొదట కొన్ని పాలు తన దోసిట పోసికొని త్రాగి, పిదప మా గిన్నెలో కొలిచి పోసెను. ఇంతే జరిగినది. మా చేతులకు రక్తము అంటలేదు గనుక, ఆ అల్లర్లతో మాకు సంబంధమే లేదని నేను చాలకాలము నమ్మితిని.

కొన్ని యేండ్ల తరువాత నాకొక గ్రంథము లభించినది. మనోవిశ్లేషకుడు సుధీర్ కాకర్ ఆ 1990 అల్లర్లనే పరిశీలించి వ్రాసిన 'ది కలర్స్ ఆఫ్ వయొలెన్స్' అది. 1996లో చికాగో విశ్వవిద్యాలయము దానిని ప్రచురించినది. ఆయన మన పాతనగరమునకు వచ్చి, పార్దీవాడలోని హిందూ కుటుంబములతోను, కార్వాన్‌లోని ముస్లిం కుటుంబములతోను, ఇరుపక్షముల పహిల్వాన్లతోను కూర్చుండి మాటలాడినాడు. దోషులెవరో, మొదట చేయి ఎత్తినది ఎవరో ఈ పండితుడు తేల్చునని నేను ఆశపడి చదువనారంభించితిని.

ఆయన పద్ధతి వేరు. తన్ను తాను పరీక్షించుకొనుటతోనే ఆయన ప్రారంభించినాడు. 1938లో జన్మించిన కాకర్, 1947 విభజన నాటికి రోహతక్ పట్టణములో తొమ్మిదేండ్ల బాలుడు. శరణార్థులై వచ్చిన బంధువులు చెప్పిన భయంకర కథలను వినుచు పెరిగినాడు. ఆ కథలు తన మనస్సులో పరమతస్థుని గూర్చి ఏ రూపమును నిలిపినవో మొదట దాచక వ్రాసి, పిదపనే హైదరాబాదు వారి మనస్సులను ప్రశ్నించినాడు. పాలలో, నీళ్లలో విషము కలిపిరను వదంతులను కూడ ఆయన విచారించినాడు. తల్లి ఒడినుండి మనకు కలిగిన ప్రాథమిక విశ్వాసమునే అట్టి వదంతి దెబ్బతీయును. ఆ పుటలు చదువునప్పుడు నా చేతిలో మా యింటి పాలగిన్నె కనబడినది.

పహిల్వాన్లను గూర్చి ఆయన వ్రాసినదియు నన్ను కలవరపరచినది. వారు రాక్షసులై యుందురని మనము తలంతుము. తాలీములలో కసరత్తు చేసి పెరిగిన ఆ మనుష్యులు తమ దృష్టిలో తాము రక్షకులు. ప్రతిపక్షమును తాము ఎదిరించితిమే కాని, మొదలుపెట్టినది తాము కామనియే ఇరువైపులవారును చెప్పుకొందురు. పేర్లు మార్చినచో ఇరువురి కథయు ఒక్కటే. అల్లరి వేళ ధర్మబుద్ధి వంగిపోవును గాని పూర్తిగా చావదనియు ఆయన గ్రహించినాడు. స్త్రీలను చెరుపుట పాపమని ఇరుపక్షములలోను అధికులు ఒప్పుకొనిరి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. తెలిసికొనుట వేరు, మన్నించుట వేరు. హంతకుని మనస్సు మనకు అర్థమైనంత మాత్రమున వాని నేరము తగ్గదు, శిక్ష తొలగదు. అట్లే, నేడు చరవాణిలో కొట్లాటల దృశ్యములను ఒకదాని వెంట ఒకటి చూచుట హింసను చదువుట కాదు. అది కోపమును మేపుట. చదివినవానికి తన పక్షముపై కూడ సందేహము కలుగవలెను.

హింస విధివిలాసము, మానవస్వభావము అని చేతులు ముడుచుకొనువారును కలరు. ఆశుతోష్ వార్ష్నే 2002లో ప్రచురించిన పరిశోధన వారికి సమాధానము. 1950 మొదలు 1995 వరకు పట్టణములలో జరిగిన హిందూ ముస్లిం అల్లర్ల మరణములలో దాదాపు సగము ఎనిమిది నగరములలోనే సంభవించినవి. ఆ యెనిమిదింటిలో మన హైదరాబాదు ఒకటి. పల్లెలలో సంభవించినవి నూటికి నాలుగు లోపే. ఆయన మన నగరమును లక్నోతో పోల్చి చూచినాడు. లక్నోలో చికన్ అల్లికపని హిందూ వర్తకులను, ముస్లిం పనివారిని ఒకరికొకరు లేనిదే జరుగని విధముగా కట్టియుంచినది. ఇరుమతములవారు కలిసి నడుపుకొను వర్తక సంఘములు, వృత్తి సంఘములు ఉన్నచోట వదంతి పుట్టినను అగ్గి అంటుకొనదని ఆయన సిద్ధాంతము.

దీనిని చదివినప్పుడు నాకు కల్యాణపు అనుభవమంటపము వేరు విధముగా కనబడినది. అల్లమప్రభువు అధ్యక్షుడుగా, చాకలి మాచయ్య, పడవ నడుపు చౌడయ్య, అక్కమహాదేవి ఒక్కచోట కూర్చుండిరని మనము గర్వముగా చెప్పుకొందుము. అది కేవలము తత్త్వచర్చ కాదు. ఎన్నడును ఒకచోట కూర్చుండని వారిని కూర్చుండబెట్టిన పని అది. ఆ కల్యాణమే తుదకు రక్తములో మునిగినది. అక్కడ మన పురాణకవి జగదేవుని కొనియాడినాడు. సోమనాథుని యెడల నా భక్తి తగ్గలేదు. కాని ఇన్నాళ్లు నేను తొందరగా దాటిపోయిన ఒక విషయమునొద్ద ఇప్పుడు ఆగుచున్నాను. రాజు హతుడైన నాడు బసవన్న కల్యాణమున లేడు. నగరమును విడిచి సంగమేశ్వరుని సన్నిధికి పోయినాడు. ఆ వధ తరువాత శరణులు సుఖముగా నుండిరా? చెన్నబసవన్నతో కొందరు ఉళవి దిక్కునకు పోయిరి, తక్కినవారు దిక్కునకొకరైరి. మంటపము శూన్యమైనది.

బసవన్న ఒక వచనమున హత్యను మాత్రమే నిషేధింపలేదు. కోపమును, ఇతరులయెడ ఏవగింపును, ఆత్మస్తుతిని, పరనిందను అదే వరుసలో నిలిపి, వీనిని విడుచుటయందే లోపలి శుద్ధిని, వెలుపలి శుద్ధిని చూపినాడు. ఇన్నేండ్లు పిల్లలచే దానిని కంఠస్థము చేయించితినే కాని, ఆ వరుస ఏల యని నేను ఆలోచింపలేదు. కత్తి ఎత్తుటకు ఎంతో ముందే ఏవగింపు మొదలగును. మా యింటి మోరీలో పారినది పాలు కాదు, ఆ ఏవగింపే. వీథిలో కత్తి ఎత్తినవానికి ధైర్యమిచ్చినది మావంటి మంచివారి ఇండ్లలోని ఆ నమ్మకమే.

మరుసటి ఆదివారము ఆ బాలునికి బిజ్జలుని పేరు చెప్పలేదు. పాలవాని కథ చెప్పితిని. బాలుడు చాలసేపు ఊరకుండి, "తరువాత మీరాయనకు సారీ చెప్పినారా సార్?" అని అడిగెను. లేదని ఒప్పుకొంటిని. అల్లర్లు చల్లారిన తరువాత కూడ ఆయన మా యింటికి కొన్ని నెలలు పాలు పోసినాడు. చెప్పుటకు ప్రతిదినమును అవకాశముండెను. చెప్పలేదు. ఆయన ఇప్పుడు ఈ లోకమున ఉండడు.

శరణబంధువులారా! మీ యిండ్లలోని పెద్దలకు కూడ అట్టి జ్ఞాపకములు ఉండును. అవతలివారు మనకు చేసిన కీడును పిల్లలకు చెప్పుచునే యున్నాము. మన చేతితో జరిగినదానిని కూడ ఒక్కసారి చెప్పుడు. రానున్న బసవజయంతి నాడు మీ గల్లీలోని అన్యమతస్థుని ఒకనిని దాసోహమునకు పిలిచి, మీ పంక్తిలోనే కూర్చుండబెట్టుకొనుడు. క్షమాపణ చెప్పవలసినవారు ఇంకను జీవించియున్నచో, ఆలస్యము చేయక పోయి చెప్పుడు.

శరణు శరణార్థులు.