సముద్ర మార్గములు

ధ్యానము: కీర్తన 8:8, ఆదికాండము 2:15

ప్రియులారా, క్రిస్మసు దినములలో తమ తీరమునకు వచ్చు వెచ్చని ప్రవాహమునకు పెరూ జాలరులు బాలయేసును తలంచి ‘ఎల్ నినో’ అని పేరిడిరి. ఆ సముద్రము వేడెక్కిన యేడు తరచుగా మన వరంగల్లు పొలములకు వాన తగ్గును.

మనము మండించు బొగ్గు, చమురుల వలన భూమిపై నిలిచిపోవు వేడిలో నూటికి 90 వంతులు సముద్రమే భరించుచున్నది. వేడెక్కిన సముద్రము అధికముగా ఆవిరి లేపును, కురిసినప్పుడు కుండపోతయగును. 2023 జూలైలో వరద మన వీధులలో నిలిచెను. ఆగస్టులో వాన ముఖము చాటేసెను.

వరదను పట్టి కరవునకు దాచుటకే గదా కాకతీయులు చెరువులు కట్టించిరి! వాటి శిఖం భూములలో ఇండ్లు కట్టుకొన్నది మనమే. దేవుడు ఆదామునకు తోటను అప్పగించెను, మనకు చెరువును. సముద్రమును మనము ఆపలేము, చెరువును కాయగలము. ఈ పాపమును ఒప్పుకొని, కాయుటకు లేచుదము. ఆమేన్.