ఆయుధం తయారుచేసిన చేతికి లెక్క లేదా?



కత్తిలో దోషం లేదు, దాన్ని పట్టిన చేతిలోనే దోషం ఉందని మనం తరచూ వింటుంటాం. శాస్త్రజ్ఞానం విషయంలోనూ చాలామంది ఇదే మాట చెబుతారు. ఈ మాట ఎంతవరకు నిజం? కత్తి దూసినవాడు దోషి అయితే, తెలిసి తెలిసి దాన్ని నూరి ఇచ్చినవాడికి ఏ లెక్కా లేదా?

దివ్యఖుర్ఆన్‌లోని 57వ సూరా పేరు 'అల్ హదీద్', అంటే ఇనుము. ఇనుములో గొప్ప శక్తి ఉన్నదనీ, ప్రజలకు ప్రయోజనాలూ ఉన్నాయనీ అల్లాహ్ అందులోని 25వ ఆయతులో తెలియజేశాడు. అయితే ఇనుము కన్నా ముందు అదే ఆయతులో గ్రంథం, త్రాసు ప్రస్తావన వచ్చింది. త్రాసు లేని చోట ఇనుము ఏ పని చేస్తుందో చరిత్ర చెబుతూనే ఉంది.

యుద్ధవిద్య నేర్వడమే పాపమా? కాదు. హిజ్రీ 5వ సంవత్సరం (క్రీ.శ. 627)లో శత్రుసేనలు మదీనాపై దండెత్తి వచ్చినప్పుడు హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) సలహా మేరకు కందకం తవ్వారు. అది పారసీకుల యుద్ధతంత్రం, అరబ్బులకు కొత్త. పరాయి జాతి విద్య అని దైవప్రవక్త (స) దాన్ని తోసిపుచ్చలేదు. పైగా తాము కూడా మట్టి మోశారు. అయితే ఆ కందకం ఒక ఊరిని కాపాడింది, ఏ ఊరినీ కాల్చలేదు.

ఇక మరో ఉదాహరణ చూడండి. జర్మనీ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజని నుండి అమ్మోనియా తయారుచేసే పద్ధతిని 1909లో చేసి చూపాడు. కార్ల్ బాష్ కృషితో 1913లో అది ఫ్యాక్టరీకెక్కింది. నేడు మన రైతు పొలంలో చల్లే యూరియాకు మూలం ఆ అమ్మోనియాయే. ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది తిండి ఇలాంటి ఎరువుల మీద ఆధారపడి ఉందని నిపుణుల అంచనా. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ పేలుడు పదార్థాలకు ముడిసరుకైందీ అదే అమ్మోనియా.

హేబర్ అంతటితో ఆగలేదు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర ఆయన పర్యవేక్షణలోనే జర్మన్ సైన్యం శత్రువుల మీదికి క్లోరిన్ వాయువు వదిలింది. మన తాగునీటిని శుద్ధి చేసేది కూడా క్లోరినే! ఈ ఆయుధంతో యుద్ధం త్వరగా ముగిసి, ఎన్నో ప్రాణాలు మిగులుతాయని ఆయన వాదన. జరిగిందేమిటి? ఐదు నెలలకే, సెప్టెంబరు 25న, లూస్ దగ్గర బ్రిటిష్ సైన్యం అదే వాయువును జర్మన్ల మీద ప్రయోగించింది. యుద్ధం 1918 నవంబరు దాకా సాగింది. మనం చేసిన ఆయుధం మన చేతిలోనే ఉండిపోతుందనుకోవడం భ్రమ.

విషవాయువులతో యుద్ధం చేయరాదని 1925లో జెనీవా ఒప్పందం కుదిరింది. అయినా 1988 మార్చి 16న ఇరాక్ సైన్యం హలబ్జా పట్టణంలోని కుర్దు ప్రజలపై విషవాయువులు కురిపించింది. సుమారు 5 వేల మంది చనిపోయారని అంచనా. సోదరులారా! అక్కడ చంపినవారూ ముస్లిములే, చనిపోయినవారూ ముస్లిములే. ఇదంతా పాశ్చాత్యుల తప్పని చేతులు దులుపుకునే వీలు మనకు లేదు.

సిరియాకు సైన్యాన్ని పంపుతూ హజ్రత్ అబూబకర్ (రజి) స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపవద్దని, పండ్ల చెట్లు నరకవద్దని ఆదేశించారు. కత్తి పట్టినవాడు ఎదుట ఉన్నదెవరో చూడగలడు, చెయ్యి ఆపుకోగలడు. గాలికి వదిలిన విషానికి సైనికుడెవరో, పసిపాప ఎవరో తెలియదు. అందుకే పనిముట్టుకు దోషం లేదనే మాట ఇక్కడ చెల్లదు. అమ్మోనియా తయారుచేసినందుకు హేబర్‌ను ఎవరూ నిందించరు. దాన్ని ఎవరు దేనికి వాడతారన్నది పూర్తిగా ఆయన చేతిలో లేదు. కానీ మనుషుల ఊపిరి తీయడానికే కోరి విషవాయువును సిద్ధం చేసినవాడు, వదిలినవాడి పాపంలో భాగస్థుడే. దేశం కోసం చేశాను, ఆజ్ఞ పాటించాను అన్నంత మాత్రాన లెక్క తప్పదు.

నేడు మన పిల్లలు కూడా ఇంజనీరింగ్, రసాయనశాస్త్రం, కంప్యూటర్ విద్య చదువుతున్నారు. ఇది సంతోషించదగ్గ విషయం. ఉద్యోగం వచ్చిందా, జీతం ఎంత అని వారిని అడుగుతాం. నీ చేతిపని చివరికి ఎవరి ఇంటికి చేరుతుంది, అన్నమై చేరుతుందా, విషమై చేరుతుందా అని కూడా అడగాలి. ప్రయోజనం లేని జ్ఞానం నుండి దైవప్రవక్త (స) అల్లాహ్ శరణు కోరేవారు. ప్రయోజనం లేని జ్ఞానం నుండే శరణు కోరవలసి ఉంటే, ప్రాణాలు తీసే జ్ఞానం మాటేమిటి?

అల్లాహ్ మన పిల్లలకు ఇనుముతో పాటు త్రాసును కూడా పట్టుకునే బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.