రంగు మార్చే మీట

పెళ్లికూతురి రంగు ఎవరు మార్చారు? కలికిరి స్టూడియోల్లో తయారయ్యే పెళ్లి ఆల్బమ్‌లు తిరగేస్తుంటే ఈ ప్రశ్న నన్ను వదలదు. టమాటా తోటల్లో ఎండకి కమిలిన మేనత్తలూ పిన్నమ్మలూ, పీటల మీది అమ్మాయీ, అందరూ ఒకే మీగడ రంగులో ఉంటారు. ముఖాలు వేరు, చర్మం ఒక్కటే.

ఇది జరిగే పద్ధతి చాలా మామూలుది. 1996లో వచ్చిన ఫోటోషాప్ నాలుగో వెర్షన్‌లో 'యాక్షన్స్' అనే సదుపాయం చేరింది. ఒక ఫోటో మీద మనం చేసే పనుల్ని, సైజు మార్చడం, వెలుతురు పెంచడం, చర్మాన్ని నునుపు చేయడం, వరసగా రికార్డు చేసి ఒక మీటకి అప్పజెప్పొచ్చు. ఆపైన 'బ్యాచ్' పెడితే ఫోల్డర్‌లో వెయ్యి ఫోటోలున్నా అదే వరస అన్నిటి మీదా నడుస్తుంది.

దీన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. రుబ్బురోలు దగ్గర చేతులు బొబ్బలెక్కిన ఆడవాళ్ల కూతుళ్లం, మిషన్ని తిట్టే సరదా మనకి లేదు. (చేతి రుచే గొప్ప అనేవాళ్లు ఎప్పుడూ రోలు ముందు కూర్చున్నవాళ్లు కారు.) వెయ్యి ఫోటోలకి వెయ్యిసార్లు అంచులు కత్తిరించడంలో ఏ ఆనందమూ లేదు. పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రుళ్లు కంప్యూటర్ ముందు గడిపే అమ్మాయికి మెడనొప్పి తగ్గితే మంచిదే.

కానీ ఆ వరసలో అంచు కత్తిరించడమూ రంగు తేల్చడమూ పక్కపక్కనే రికార్డవుతాయి. మొదటిది చాకిరీ. రెండోది తీర్పు, ఈ చర్మం ఇలా ఉండకూడదు అన్న తీర్పు. చాకిరీని మిషన్‌కి ఇచ్చినప్పుడు దాని చాటున తీర్పు కూడా వెళ్లిపోతుంది. తర్వాత స్టూడియోలో అడిగితే "మేమేం చేయలేదక్కా, అది అట్లే వస్తాది" అంటారు. అబద్ధం కాదు. నిజంగానే ఆ ఫోటోకి విడిగా ఎవరూ ఏమీ చెయ్యలేదు.

ఫిలిం కాలం పవిత్రమైనదేం కాదు. అప్పుడు నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో దిద్దేవాళ్లు. నెగెటివ్‌లో పెన్సిల్ పడినచోట ప్రింటు తెల్లబడుతుంది. రంగుల ప్రింట్లకీ పక్షపాతం ఉండేది. కొడాక్ 1950ల నుంచి లాబ్‌లకి పంపిన 'షర్లీ కార్డు' మీద ఉన్నది తెల్లజాతి స్త్రీ. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులన్నీ సరిగ్గా వచ్చినట్టే లెక్క. కెనడా పరిశోధకురాలు లోర్నా రాథ్ 2009లో దీని గురించి వివరంగా రాశారు. అయినా పెన్సిల్ పట్టినవాళ్లకి ఒక్కొక్క ముఖాన్నీ చూడక తప్పేది కాదు. చూసినవాళ్లని ఎందుకు దిద్దారని అడగొచ్చు.

ఇవే స్టూడియోల్లో ఇంకో పని కూడా జరుగుతుంది. ఈ ప్రాంతం నుంచి ఇళ్లలో పనికి కువైట్ వెళ్లే ఆడవాళ్లకి పాస్‌పోర్ట్ ఫోటోలు తీస్తారు. వాటిలో చర్మం సహజమైన రంగులో ఉండాలనీ, సాఫ్ట్‌వేర్‌తో మార్చకూడదనీ నిబంధన. అంటే నలుపుని నలుపుగా ఉంచడం ఆ కంప్యూటర్‌కి చేతకాక కాదు. సరిహద్దు దాటి చాకిరీకి పోయేటప్పుడు ఆమె ఆమెలాగే ఉండాలి, పెళ్లి ఆల్బమ్‌లో మాత్రం ఉండకూడదు.

2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి 'ఫెయిర్' పోయింది. అదే ఏడు షాదీ డాట్ కామ్ చర్మం రంగుని బట్టి వెతికే వీలు తీసేసింది. అవి పైకి కనబడే మాటలు కాబట్టి నిలదీయగలిగారు. మీట కింద ఉన్నది కనబడదు.

చిత్రమేమిటంటే మార్గం అందులోనే ఉంది. యాక్షన్స్ జాబితాలో ఇలాంటి మెట్ల పక్కన ఒక చిన్న గడి ఉంటుంది. దాన్ని నొక్కి ఉంచితే మిషన్ ఆ మెట్టు దగ్గర ఆగి, ఎంత అని అడుగుతుంది. అంచులు దానంతటదే కత్తిరిస్తుంది, రంగు దగ్గర ఆగుతుంది. అప్పుడు మనిషి ఆ ముఖం వంక చూడాలి. ఆగినంతసేపటికీ డబ్బెవరిస్తారని యజమాని అడుగుతాడు, న్యాయమే. ఆల్బమ్ ఆర్డరిచ్చే రోజు పేజీలెన్ని, అట్ట ఏ రకం అని ఇంటి పెద్దల్ని అడుగుతారు. రంగు సంగతి కూడా ఆ రోజే అడగొచ్చు, పెద్దల్ని కాదు, పెళ్లికూతుర్ని. కొందరు తెల్లగానే చెయ్యమంటారు, నాకు తెలుసు. అప్పుడు ఆ మాట ఆమెది, ఆమెతో వాదించొచ్చు.