బండ్ల లెక్క, తీగల బరువు

వాక్యభాగము: సంఖ్యాకాండము 7:1–9



సంఖ్యాకాండము 7వ అధ్యాయము వచ్చినప్పుడు మనలో చాలామంది పేజీలు త్వరగా త్రిప్పుదురు. 89 వచనములు, పండ్రెండు గోత్రముల అర్పణలు ఒకే మాటలతో మరల మరల వచ్చును. అయితే ఆ పట్టికకు ముందు ఒక చిన్న లెక్క ఉన్నది. ప్రధానులు ఆరు బండ్లను, పండ్రెండు ఎద్దులను తెచ్చిరి. లేవీయులలో మూడు వంశములు గనుక తలకు రెండు బండ్లు అని పంచితే సరిపోవును గదా! మోషే అట్లు చేయలేదు. గెర్షోనీయులకు రెండు బండ్లు, నాలుగు ఎద్దులు ఇచ్చెను. మెరారీయులకు నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు ఇచ్చెను. కహాతీయులకు ఒక్క బండియు ఇయ్యలేదు. గెర్షోనీయులు మోసినవి తెరలు, గుడారపు బట్టలు. మెరారీయులు మోసినవి పలకలు, స్తంభములు, దిమ్మలు. కహాతీయులైతే పరిశుద్ధమైన వాటిని భుజములమీదనే మోయవలెను. ముందు బరువు చూచిరి, తరువాత బండి ఇచ్చిరి.

ఈ లెక్కను ఈ నెల మనము ఒక గిటారు తీగల మీదుగా ధ్యానించుదము. పెద్దలు కొందరు గిటారు మాట ఎత్తగానే మొగము చిట్లించుకొందురని మాకు తెలుసు. హార్మోనియము, తబలా, తాళములతో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడుకొన్న తరము మనది. కాని ఆ హార్మోనియము కూడా ఫ్రాన్సు దేశములో పుట్టి ఓడ ఎక్కి వచ్చినదే. ఎలక్ట్రిక్ గిటారు సినిమావాళ్లది అనువారికి ఒక్క మాట చెప్పుదుము. సిస్టర్ రొసెట్టా థార్ప్ అనే నల్లజాతి సువార్త గాయని 1915లో అమెరికాలో పుట్టి, సువార్త ప్రకటించే తల్లితో చిన్నతనమునుండి కూటములలో పాడుచు గిటారు వాయించినది. 1964లో ఇంగ్లాండులోని మాంచెస్టరులో, వాడుకలో లేని ఒక రైల్వే స్టేషను ప్లాట్‌ఫారము మీద, ఎలక్ట్రిక్ గిటారు పట్టుకొని సువార్త పాటలు పాడినది. కనుక వాయిద్యమును గూర్చిన వాదము ఇక్కడితో చాలిద్దాము. అసలు విషయము బరువు.

మన సంఘములలో ఎక్కువగా కనబడే ఎలక్ట్రిక్ గిటారు స్ట్రాటోకాస్టర్ నమూనాది. అమెరికాలో ఫెండర్ కంపెనీ 1954లో దానిని బయటికి తెచ్చింది. ఆ రూపములోనే నేడు అనేక కంపెనీలు చేయుచున్నవి. దానికి ఆరు ఉక్కు తీగలు. అంగడిలో '9 సెట్టు' అని అడిగితే, అందులో సన్నని తీగ మందము అంగుళములో వెయ్యింట తొమ్మిది వంతులు, లావు తీగది 42 వంతులు. దాని పైది '10 సెట్టు'. అది 10 నుండి 46 వరకు. సన్నని తీగలో తేడా వెయ్యింట ఒక్క వంతు! వ్రేళ్లతో తడిమితే తెలియదు. అయితే రెంటిని అదే శ్రుతికి బిగించి చూడండి. 9 సెట్టులోని ఆరు తీగలు కలిసి సుమారు 38 కిలోల బరువుతో లాగును. 10 సెట్టు సుమారు 47 కిలోలతో లాగును. అనగా ఏడాది బిడ్డంత బరువు కొత్తగా వచ్చి కూర్చుండును. ఆ బిడ్డను రాత్రింబగళ్లు ఎత్తుకొనేది ఎవరు? గిటారు మెడ, వెనుకనున్న స్ప్రింగులు. పాడేవారికి అవి కనబడవు.

సముద్రతీరమున ఒక పట్టణములో, మూడు తరముల క్రిందట కూలిపనికి వచ్చి స్థిరపడిన మనవారి సంఘమొకటి ఉన్నది. ఉప్పుగాలికి, చేతి చెమటకు తీగలు తుప్పుపట్టి పాట నడుమ తెగిపోవుచుండెను. ఒక పెద్దాయన మంచి మనస్సుతో లావు తీగలు, 10 సెట్టు, కొని తెచ్చి ఇచ్చారు. వాయించేవాడు పదిహేడేండ్ల పిల్లవాడు. ఇంట్లో తెలుగు మాట్లాడును గాని పాటలు తమిళ అక్షరములలో వ్రాసుకొని పాడును. తీగలు మార్చి శనివారము రాత్రి శ్రుతి చేసికొన్నాడు. ఆదివారము మొదటి పాట సగము కాకముందే అపస్వరము. తీగలు ఎత్తుగా లేచి వ్రేళ్లు కోసుకొనిపోయినవి. మెడ పైభాగములో నొక్కితే స్వరము హెచ్చుగా పలికినది. మూడు ఆదివారములు ఇట్లే జరిగెను. మూడవ ఆదివారము కమిటీ సభ్యుడొకరు మైకు దగ్గరకు వచ్చి, చేతకానివాడివి ఎందుకురా ఎక్కుతావు, దిగు అన్నారు. పిల్లవాడు గిటారును గోడకు ఆనించి, చెప్పులు వేసికొని వెళ్లిపోయాడు.

తరువాతి నెల మేము ప్రభురాత్రి భోజన ఆరాధనకు ఆ సంఘమునకు వెళ్లినప్పుడు గిటారు ఇంకను ఆ గోడకే ఉన్నది. గిటార్లు బాగుచేసే ఒక హిందూ సోదరుని పిలిపించారు. ఆయన మెడవెంట ఒంటి కన్నుతో చూచి, గిటారును తిరగవేసి, అయ్యా, పిల్లవాడి వ్రేళ్లలో ఏ తప్పు లేదు, తీగలు మార్చారు గాని గిటారును మార్చలేదు అన్నాడు. మేము ఆ ఊరిలో చేసిన ప్రసంగముకంటె ఆ మాట బాగుండెను.

ఆయన చేసిన పని వరుసగా చెప్పుదుము. మన యౌవనస్థులకు పనికివచ్చును. మొదట వెనుక మూత విప్పాడు. ఈ నమూనా గిటారులో తీగలు ఒకవైపు లాగుచుండగా, లోపలి స్ప్రింగులు ఎదురు లాగుచుండును. నడుమ బ్రిడ్జి త్రాసులాగ నిలిచియుండును. తీగల బరువు పెరిగినది గనుక బ్రిడ్జి ముందుకు వంగి లేచినది. స్ప్రింగులను పట్టియుంచు రెండు స్క్రూలను కొంచెము కొంచెము బిగించి, మరల శ్రుతి చేసి, మరల బిగించి, బ్రిడ్జిని దాని స్థానమునకు తెచ్చాడు. తరువాత మెడ. మెడలోపల ఒక ఇనుప కడ్డీ ఉండును. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ అనే ఆయన ఇట్టి కడ్డీకి 1923లో పేటెంటు పొందాడు. దానిని అలెన్ కీతో కుడివైపుకు త్రిప్పితే, తీగలవైపు వంగిన మెడ వెనుకకు నిలబడును. ఒక్కసారికి పావు చుట్టుకంటె ఎక్కువ త్రిప్పరాదు. మొదటి ఫ్రెట్టును చివరి ఫ్రెట్టును ఒకేసారి నొక్కిపట్టి, నడుమ తీగకు ఫ్రెట్టుకు మధ్య సందు చూచాడు. మిల్లీమీటరులో పావు వంతు ఉంటే చాలును. కడ్డీ బిగిసి తిరగనంటే బలవంతము చేయరాదు, లోపల విరిగితే మెడయే పోవును.

ఆ తరువాత తీగల ఎత్తు. పండ్రెండవ ఫ్రెట్టు దగ్గర సన్నని తీగకు ఒకటిన్నర మిల్లీమీటరు, లావు తీగకు రెండు మిల్లీమీటర్ల దాకా ఉంచాడు. తల దగ్గరనున్న నట్‌లోని గాళ్లు సన్న తీగలకు కోసినవి గనుక లావు తీగలు అందులో ఇరుక్కొని, మేకు తిప్పినప్పుడు టిక్కుమని ఎగురుచుండెను. సన్నని ఆకురాయితో కొద్దిగా రాచాడు. చిట్టచివర స్వరస్థానములు. పండ్రెండవ ఫ్రెట్టు పైన తీగను తాకీ తాకనట్టు ముట్టి మీటినప్పుడు వచ్చే స్వరమును, అక్కడే నొక్కి మీటినప్పుడు వచ్చే స్వరమును పోల్చి చూచాడు. నొక్కిన స్వరము హెచ్చుగా ఉంటే బ్రిడ్జి మీది మెట్టును వెనుకకు జరిపి తీగ పొడవు పెంచాడు. తక్కువగా ఉంటే ముందుకు జరిపాడు. ఈ వరుసను తారుమారు చేస్తే మొదట చేసినదంతా మరల చేయవలసివచ్చును. గంటన్నర పట్టినది.

దావీదు మందసమును మొదటిసారి తెచ్చినప్పుడు జరిగినది గుర్తున్నదా? 1 దినవృత్తాంతములు 13వ అధ్యాయములో క్రొత్త బండి ఉన్నది, వాయిద్యములు ఉన్నవి, ఉత్సాహమున్నది. ఎద్దులు తొట్రిల్లినవి, ఉజ్జా చచ్చెను. 15వ అధ్యాయములో దావీదు కారణము తెలిసికొన్నాడు: క్రమము తప్పితిమి. భుజముమీద మోయవలసినదానిని బండిమీద పెట్టిరి. మెరారీయులకు వరమైన బండి మందసమునకు ఉరి ఆయెను. ఎవరికి ఏది కావలెనో చూడక, బండి ఉన్నది గదా అని ఇచ్చినందుచేత ఉజ్జా ప్రాణము పోయినది.

ఇప్పుడు మన సంఘములను చూడండి. ఒక దైవసేవకునికి ఒక సంఘము ఉండగా, ఇంకొక రెండు కూడికల స్థలములు అప్పగింతుము. సైకిలు మోటారుసైకిలు ఆయెనా, అద్దె ఇల్లు చాలునా, ఆయన భార్య ఒంటరిగా ఎన్ని రాత్రులు ఉండుచున్నదో అడుగము. ఆయన ప్రసంగములో పస తగ్గినది అని మాత్రము గొణుగుదుము. సొంత ఊరినుండి కోడలిని తెచ్చుకొందుము. పది రోజులలో కన్నడమో ఒడియానో మరాఠీయో మాట్లాడవలెను, అంగడికి వెళ్లవలెను, స్త్రీల సమాజములో ప్రార్థన చేయవలెను. ఇంట్లో ఎవ్వరి అలవాటును ఒక్క వ్రేలెడు జరుగదు. మన పిల్లలనైతే తెలుగు బైబిలు చదవమని పుల్పిట్ ఎక్కించి, అక్షరము తడబడితే ముందు బల్లలమీదివారు నవ్వుదురు. వారికి తెలుగు నేర్పుటకు ఆదివారపు బడిలో ఎన్ని గంటలు కేటాయించితిమి? తీగ మార్చుట సులువు, అయిదు నిమిషముల పని. తక్కిన గంటన్నర ఎవరు కూర్చుందురు అన్నదే మన సంఘములలో తేలని ప్రశ్న.

ఇంకొక మార్గము కూడ ఉన్నది. శ్రుతి తగ్గించుట. ఆరు తీగలను అర స్వరము క్రిందికి దించితే లాగుబరువు నూటికి సుమారు పదకొండు వంతులు తగ్గును. 47 కిలోలు 42కు దగ్గరగా వచ్చును. 1 దినవృత్తాంతములు 15:20, 21లో కొందరు అలామోతు ప్రకారము, కొందరు షెమినీతు ప్రకారము వాయించిరని ఉన్నది. ఆ రెండు మాటలు హెచ్చు శ్రుతిని, తగ్గు శ్రుతిని సూచించునని చాలామంది పండితుల తలంపు. అందరూ ఒకే ఎత్తున పాడవలెనని లేవీయులే అనుకొనలేదు. ఆ తీర పట్టణములో అర స్వరము దించగానే, ఏండ్ల తరబడి పై చరణములో నోరు మూసికొని నిలుచుండిన ముసలి తల్లులు గొంతెత్తి పాడిరి. వారికి అందని శ్రుతి అని ఇన్నాళ్లు ఎవ్వరికిని తోచలేదు! బరువు మోయువానిని బలపరచుట ఒక పద్ధతి, బరువునే కొంత దించుట మరియొక పద్ధతి. రెండవది చేయుటకు పెద్దలకు మనసు కష్టమగును. మన కాలములో ఇంతకంటె ఎక్కువ మోసితిమి అందురు. మోసినమాట నిజమే. కాని ఆ కాలములో వీధి అంతా తెలుగు మాట్లాడుచుండెను, ప్రక్కన మోయుటకు పదిమంది ఉండిరి.

తీగలు మార్చు సంఘములకు ఒక సూచన. శనివారము రాత్రి మార్చకండి. క్రొత్త తీగలు సాగును, మెడ స్థిరపడుటకు ఒకటి రెండు దినములు పట్టును. గురువారము మార్చి, శనివారము మరల సరిచూడండి. వర్షాకాలములోను ఎండాకాలములోను మెడను ఒకసారి చూపించండి. ఈ నమూనా గిటారులో ఆరు తీగలను ఒకేసారి విప్పక, ఒకటి తీసి ఒకటి వేయండి. బాగుచేసినవానికి కూలి సంఘపు పెట్టెనుండి ఇయ్యండి, పిల్లవాని జేబునుండి కాదు.

ఆ పిల్లవాడు మేము ఇది వ్రాయు దినమువరకు మందిరమునకు తిరిగి రాలేదు. గిటారు సరిగా పలుకుచున్నది, వాయించువాడు లేడు. మైకు దగ్గర ఆ మాట అన్న సభ్యుడును, తీగలు కొనియిచ్చిన పెద్దాయనయు ఈ శనివారము సాయంకాలము వాని ఇంటికి వెళ్లుచున్నారు. గిటారును కూడ తీసికొని వెళ్లుదుమన్నారు.